దుమ్ముగూడెంలో పిడికెడు బియ్యం

దుమ్ముగూడెం అంటే చాలామందికి ఆనకట్టే గుర్తొస్తుంది. మధ్య పరగణాల పత్తిని గోదావరి మీద పడవల్లో సముద్రం దాకా దింపాలన్నది ఆర్థర్ కాటన్ కల. రైళ్ళ జోరు మొదలయ్యాక 1871లో సర్కారు ఆ పనులు ఆపేసింది. నేను భద్రాచలంలో బస్సెక్కింది మాత్రం ఆ రోజుల్లోనే మొదలై ఇంకా నడుస్తున్న మరో పని చూద్దామని.

1860లో ఇక్కడ కోయల మధ్య చర్చి మిషనరీ సొసైటీ మిషన్ మొదలైంది. పుస్తకాలు దాన్ని ఆ గోదావరి పనుల ఇంజినీరు హేగ్ పేరున రాస్తాయి. నన్నడిగితే వెంకటరామరాజు పేరు ముందు రాయాలి. హేగ్ దొర కొలువు కొలువుగానే ఉంది. తర్వాత జనరల్ అయ్యాడు, అరేబియాలో సువార్త చెప్పమని ఆయన రాసిన రాతలు చదివే కీత్ ఫాల్కనర్ అనే మిషనరీ ఏడెన్ వెళ్ళాడు. గొప్ప సంగతే. రాజు మాత్రం సర్కారు నౌకరీ వదిలేసి ఈ అడవినే పట్టుకుని బడి నడిపాడు, పాస్టరయ్యాడు. వెనక్కి వెళ్ళే దారి ఉంచుకోలేదు. ఆ తర్వాత వచ్చిన జాన్ కెయిన్ కోయ భాష నేర్చుకుని, వాళ్ళ ఆచారాల మీద వ్యాసాలు రాశాడు.

నేను వెళ్ళింది కోత పండగ ఆదివారం. చర్చి ముందు సొరకాయలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఒక మూల స్టీలు డబ్బా. వచ్చిన ప్రతి ఆడమనిషీ కొంగుముడి విప్పి అందులో బియ్యం పోస్తోంది. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం అన్నీ కలిసిపోయి రంగురంగులుగా ఉన్నాయి. అన్నం వండే ముందు పిడికెడు తీసి పక్కన పెట్టడం, ఆదివారం తేవడం. 1912లో అజరయ్య బిషప్ అయిన డోర్నకల్ డయాసిస్ పల్లెల్లో ఇది పాత అలవాటే.

పోసి పక్కకొచ్చిన ఒక పెద్దామెను అడిగాను, ‘ఇంట్లో బియ్యం నిండుకున్న రోజు ఏం చేస్తావమ్మా?’ అని.

‘ఆ పూట చిన్న పిడికిలి తీస్తా సార్. మా అత్త తీసేది, నేను తీస్తున్నా. తీయకుండా ఎసట్లో పోస్తే ఏదో మరిచినట్టుంటది.’

రక్షణ, నిత్యజీవం అని పెద్ద మాటలు చెబుతుందనుకున్నాను. ఒక్కటీ అనలేదు. మొగుడు పోయాడు, కొడుకు మిరపకాయ కోతలకు వలస పోతాడు, వేసవిలో తునికాకు కోసి కట్టలు కడుతుంది. పొద్దున్నే ప్రార్థన చేసుకుంటే ‘రోజుకో తీరు ఉంటది’ అంది. తోబుట్టువులు ఇంకా భూమి పండగ చేస్తారట. పిలిస్తే వెళ్తుంది, తిని వస్తుంది. పాత వేల్పుల్ని వదిలినవాళ్ళు కోయలే కాకుండా పోయారని బయట జరిగే వాదం నాకు తెలుసు. అందులో ఆలోచించాల్సింది ఉంది కూడా. ఆమె ముందు మాత్రం అది ఎత్తబుద్ధి కాలేదు.

ఆరాధన అయ్యాక వేలం. పాట పెట్టింది పాస్టరయ్యగారే. సొరకాయ యాభైతో మొదలై మూడొందలకు పోయింది. కొన్న కుర్రాడు దాన్ని తిరిగి బల్ల మీదే పెట్టాడు. మళ్ళీ పాట. ‘సార్, మీరూ పాడాలి’ అని పెద్దామె వెనక నుంచి పొడిచింది. కోడి నాకే పడింది. బస్సులో దాన్ని ఎలా తెచ్చుకోవాలో తెలియక, నేనూ బల్ల మీదే పెట్టేశాను.