పార

నిన్న మూడు షాపులు తిరిగాను, పార దొరకలేదు. స్పేడ్ ఉంది, ఫోర్క్ ఉంది, పూల బొమ్మల గ్లవుజులు కూడా ఉన్నాయి. పార ఎలా ఉంటుందో చేతులతో చూపిస్తే కుర్రాడు మర్యాదగా తలూపి మళ్లీ స్పేడే తెచ్చాడు. ఉక్రోషం ఆగలేదు.

మూడేళ్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నాక ఈ ఫిబ్రవరిలో మాకు లండన్‌లోని హారోలో అలాట్‌మెంట్ వచ్చింది. ఇక్కడ ఈ నేలను ఇప్పటికీ రాడ్లలోనే కొలుస్తారు. పది రాడ్లు పూర్తి ప్లాటు, అంటే సుమారు 300 గజాలు. మాకిచ్చింది సగం. "నూటయాభై గజాలా, ఇల్లు లేచిపోతుందే!" అన్నాడు మా బావ ఫోన్లో. కట్టకూడదు బావా, అమ్మకూడదు. కౌన్సిల్‌కి ఏటా అద్దె కట్టి కూరగాయలు పండించుకోవాలి. అడిగినవాళ్లకు ఇలా కాస్త నేల చూపించాలని 1908లోనే చట్టం చేసుకున్నారు వీళ్లు. ఆ మాట తలుచుకుంటేనే నాకు సంతోషం.

నేల మాత్రం బీడు. బంకమట్టి, దాన్నిండా కౌచ్ గడ్డి. మన గరిక లాంటిదే, తెల్లటి వేరుముక్క ఒక్కటి మిగిలినా మళ్లీ లేస్తుంది. బంగాళాదుంపలు కిటికీలో మొలకలేసి కూర్చున్నాయి. గోంగూరకీ బీరకీ మే నెల దాకా ఆగాలి, మంచు పడితే ఒక్క రాత్రిలో మాడిపోతాయి. ఈలోగా తవ్వాలి.

స్పేడ్‌ని నిలబడి కాలితో తొక్కాలి. పార అలా కాదు. వంగి ఒక్క వేటు వేసి లాగితే పెళ్ల లేచి మన కాళ్ల దగ్గరే పడుతుంది. వేరు పారకీ తెగుతుంది, కాదనను. కానీ తెగిన ముక్క కళ్లెదుటే ఉంటుంది, ఏరిపారేయొచ్చు. ఆ పారతోనే బోదె తీయొచ్చు, మొక్క మొదట్లోకి మట్టి ఎగదోయొచ్చు. వుల్వర్‌హాంప్టన్‌లో చిల్లింగ్‌టన్ కంపెనీ మొసలి గుర్తుతో ఇలాంటి పారలే చేసి ఆఫ్రికా దాకా పంపేది. ఊరూరికీ పారలమ్మిన దేశంలో నాకొక్కటి దొరకదా?

దుగ్గిరాల పక్కన మా పసుపు చేలో నాన్న పార ఉండేది. అరిగి అరిగి పొట్టిదైపోయింది. తుమ్మ కామ, నాన్న చేతులు పట్టే రెండు చోట్లా నున్నగా మెరిసేది. పసుపు తవ్వే రోజుల్లో దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చి కొమ్ముల వాసన. పొద్దుగూకి ఇంటికొస్తూ కాలవలో దిగి ముందు పార కడిగేవాడు, తర్వాతే కాళ్లు. కామ వదులైతే రాత్రికి పారను నీళ్లతొట్టిలో వేసేవాడు. తెల్లారేసరికి కర్ర ఉబ్బి బిగిసిపోయేది.

ఒకరోజు అరుగు మీంచి దూకి, కింద పడున్న పారను దాటేశాను. నాన్న కోప్పడలేదు. "వెనక్కి దాటరా" అన్నాడు. దాటాను. వంగి దాన్ని తీసి గోడకి చేరేశాను. కామ ఇంకా తడిగానే ఉంది.