దయ్యం రాకముందే

కుమ్మరి గెంజురో ఎన్నాళ్ళకో ఇల్లు చేరతాడు. రాత్రివేళ. తలుపు తోస్తే లోపల చీకటి. పొయ్యి చల్లారిపోయింది, మనుషులు మసలిన జాడ లేదు. "మియాగీ" అని భార్యను పిలుస్తూ అవతలి తలుపులోంచి బయటికి వెళ్ళి, ఇంటిని చుట్టి వస్తాడు. కెమెరా మాత్రం గడప దాటదు. కిటికీల్లోంచి కనిపించే అతని వెంట లోపలే మెల్లగా తిరుగుతుంది. తిరిగి పొయ్యి వైపుకి వచ్చేసరికి అక్కడ నిప్పు రాజుకుని ఉంది, మియాగి కూర్చుని వంట చేస్తోంది. అంతా ఒకటే షాట్. కెమెరా అటు తిరిగిన కాసేపట్లో నటి వచ్చి కూర్చుంది, అంతే.

ఆకలిగొన్న సైనికులు మియాగిని పొడవడం మనం అంతకుముందే చూశాం. గెంజురోకి తెలియదు. మెరుపు లేదు, ఉరుము లేదు. భార్య మీద పడే వెలుగు మామూలు పొయ్యి వెలుగే. 1953లో కెంజి మిజోగుచి తీసిన 'ఉగెత్సు'లోది ఈ దృశ్యం. ఛాయాగ్రహణం కజువో మియాగావా. అంతకు మూడేళ్ళ ముందు కురొసావా 'రషోమాన్'కి అడవిలో ఎండను పట్టుకున్నది ఈయనే.

పాత జపాన్ దయ్యాల సినిమాలను మళ్ళీ మళ్ళీ చూసేవాళ్ళకి ఒక సంగతి తెలిసొస్తుంది. భయాన్ని దయ్యం మోసుకురాదు. చోటు ముందే సిద్ధమై ఉంటుంది, దయ్యం అందులోకి అద్దెకు దిగుతుంది. 'ఉగెత్సు'లోనే చూడండి. బివా సరస్సు మీద పొగమంచు, అందులో ఒక పడవ. ఎదురుగా ఇంకో పడవ కొట్టుకొస్తుంటే అందరూ దయ్యమేనని హడలిపోతారు. తీరా చూస్తే దొంగల చేతిలో దెబ్బతిని చావుకు దగ్గరపడ్డ మనిషి. అసలు దయ్యం వకాసా దొరసాని ఆ తరవాత పట్టపగలు, జనం కిటకిటలాడే సంతలో, కుండలు బేరమాడటానికి వస్తుంది! మచికో క్యో ఆ పాత్రలో నడిచే తీరు నోహ్ నాటకాల నడక. పాదం నేలను వదలకుండా జారుతుంది.

పాదాలంటే గుర్తొచ్చింది. మన ఊళ్ళ దయ్యాలకు అవి వెనక్కి తిరిగి ఉంటాయి. వాళ్ళ దయ్యాలకు బొమ్మల్లో అసలు ఉండవు. పద్దెనిమిదో శతాబ్దపు చిత్రకారుడు మరుయామ ఓక్యో పేరుమీద చెప్పుకునే బొమ్మల్లో, జుట్టు విరబోసుకుని తెల్లబట్టలో ఉన్న స్త్రీ నడుము కిందికి వచ్చేసరికి పలచబడి ఖాళీ కాగితంలో కలిసిపోతుంది. దయ్యం ఎక్కడ ఆగిందో, కాగితం ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేం. సినిమావాళ్ళు పట్టుకున్నది ఈ గీత లేకపోవడాన్నే.

మసాకి కోబయాషి 1964లో తీసిన 'క్వైదాన్' మాత్రం చోటును కూడా కల్పించింది. లఫ్కాడియో హెర్న్ కథలు నాలుగు. ఈయన గ్రీసులో పుట్టి, అమెరికాలో పత్రికల్లో పనిచేసి, 1890లో జపాన్ చేరి, కొయిజుమి యకుమోగా అక్కడే స్థిరపడ్డాడు. కోబయాషి విమానాల షెడ్డులో సెట్లు వేయించి, ఆకాశాన్ని తెరల మీద రంగులతో గీయించాడు. మంచుకన్య కథలో ఆ ఆకాశానికి కళ్ళుంటాయి. పెద్ద పెద్ద కళ్ళు, రెప్ప వేయకుండా కట్టెలు కొట్టుకునే కుర్రవాణ్ణి చూస్తుంటాయి. చెబితే నవ్వొచ్చే మాటే, తెర మీద మాత్రం నవ్వు రాదు. ఏళ్ళ తరవాత అతను భార్యతో మంచుకన్య ఎదురైన ఆ రాత్రి సంగతి నోరు జారుతాడు. ఆవిడ ముఖం మీది దీపం వెలుగు నీలంగా మారిపోతుంది. ఇల్లు అదే, మనిషి అదే, మారింది వెలుగొక్కటే. సినిమాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. అమెరికాలో మొదట విడుదల చేసినప్పుడు నిడివి ఎక్కువైందని దీన్నే కత్తిరించారు!

శబ్దం సంగతి మరీ విచిత్రం. సంగీతం తోరు తకెమిత్సుది. 'నల్లని జుట్టు' కథలో సమురాయ్ పాడుబడ్డ ఇంట్లో పరిగెడుతుంటే అడుగుల చప్పుడు వినిపించదు. కాసేపటికి ఎక్కడో కర్ర ఫెళ్ళున చీలిన మోత. కంటికీ చెవికీ మధ్య తకెమిత్సు చిన్న ఎడం పెట్టాడు. ఏది ఎప్పుడు విరుగుతుందో తెలియక మన ఒళ్ళే బిగుసుకుంటుంది.

మూడో కథలో హోయిచి గుడ్డివాడు, బివా వాద్యం వాయిస్తూ కథ చెబుతాడు. 1185లో దన్నోఉరా సముద్రయుద్ధంలో మునిగిపోయిన హెయికే వంశంవాళ్ళు రాత్రుళ్ళు అతన్ని పిలిపించుకుని తమ చావు కథ తామే వింటుంటారు. గుడిలోని పూజారులు అతని ఒళ్ళంతా ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం రాస్తారు. శూన్యతను బోధించే ఆ సూత్రం మన దేశంలో పుట్టిన మహాయాన సాహిత్యానిదే. రాసినంత మేరా ఒళ్ళు దయ్యం కంటికి ఖాళీ అవుతుంది. చెవులు మరిచిపోయారు. వచ్చిన భటుడికి గాలిలో రెండు చెవులు మాత్రం కనిపిస్తాయి, వాటినే పీక్కుపోతాడు.

దర్శకుడు కనెతో షిందోకు ఇంత హంగు అక్కర్లేదు. 'ఒనిబాబా' (1964)లో మనిషెత్తు గడ్డి, ఒక గొయ్యి, ఒక ముసుగు చాలాయి. దయ్యమే లేదు, గడ్డి ఊగుతుంటే చాలు. చివర్లో ముసుగు ఊడిన ముఖానికి హిరోషిమా బాధితుల ఫోటోలు ఆధారమని ఆయనే చెప్పాడు. ఆయనది హిరోషిమానే.

ఈ లెక్కకు ఎదురు నిలిచేది నొబువో నకగావా 1959లో తీసిన 'తొకాయిదో యొత్సుయా క్వైదాన్'. 1825 నాటి కబుకీ నాటకం దీనికి మూలం. భర్త విషం పెట్టగా ఓఇవా ముఖం వాచిపోతుంది, దువ్వుకుంటే జుట్టు కుచ్చులుగా ఊడివస్తుంది. ఇక్కడ భయం ముఖంలోనే ఉంది, ఒప్పుకోవాలి. అయినా ఆవిడ పగ తీర్చుకోవడానికి వచ్చినప్పుడు నకగావా ముందు పాడుచేసేది గదినే. తలుపు చెక్కకు మేకులు దిగిన శవం పైకప్పున తేలుతుంది, చాప పరిచిన నేల బురదగుంట అయిపోతుంది. జపాన్‌లో దయ్యాల కథలకు అదను ఎండాకాలం, వెన్నులో పుట్టే చలి ఉక్కపోతకు విరుగుడని. ఈ సినిమా కూడా జులైలోనే వచ్చింది. ఓఇవా కథ ఆడబోయేవాళ్ళు టోక్యోలోని యొత్సుయాలో ఆమె గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకునే ఆచారం కూడా ఉంది.

కొత్తగా చూడబోయేవాళ్ళు 'ఉగెత్సు'తో మొదలుపెట్టండి. 'క్వైదాన్' మూడు గంటలు, రెండు రాత్రులుగా చూసినా నష్టం లేదు. వేగం పెంచి మాత్రం చూడొద్దు. తకెమిత్సు లెక్కపెట్టి ఉంచిన ఎడమంతా ఎగిరిపోయి, మిగిలేది పాత కొంపలో కర్ర విరిగిన చప్పుడే.