తివాచీ కింద తుప్పు

పాత కారు కొంటున్నామని ఎవరైనా అంటే మనవాళ్లు ముందు ఇంజను సంగతే అడుగుతారు. మైలేజీ ఎంత, పొగ వస్తోందా, గేర్లు సాఫీగా పడుతున్నాయా అని. నేను మాత్రం ఒక్కటే అడుగుతాను: సీటు కింద తివాచీ ఎత్తి చూశారా? ఇంజను పాడైతే ఇంకొకటి తెచ్చి బిగించుకోవచ్చు. నేల పోతే కారే పోయినట్టు. టాపు లేని కారైతే మరీను. ఎందుకో చెప్తాను, తీరిగ్గా కూర్చోండి.

మాట గాల్లో తేలకుండా ఉండాలంటే ఒక కారును పట్టుకోవాలి. ఎంజీబీ రోడ్‌స్టర్‌ని పట్టుకుందాం. 1962లో వచ్చింది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్డన్ అనే చిన్న ఊళ్లో 1980 దాకా తయారైంది. పైకప్పు ఉన్న జీటీ రకంతో కలిపి లెక్కేస్తే ఐదు లక్షలకు పైమాటే. ఇద్దరు కూర్చునే కారు, గుడ్డ టాపు, అది వెనక్కి మడిస్తే నెత్తిన ఆకాశం. మనకేం సంబంధం అనకండి, దీనికి మన అంబాసిడర్‌తో చుట్టరికం ఉంది. అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి ఆడిన 1489 సీసీ పెట్రోలు ఇంజనూ, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజనూ బీఎంసీ కంపెనీ వారి ‘బీ సిరీస్’ కుటుంబానివే.

ఎంజీబీకి ముందొచ్చిన ఎంజీఏ కారుకి కింద విడిగా ఇనప చాసిస్ ఉండేది. బాడీ దాని మీద కూర్చునేది. సిడ్ ఎనెవర్ అనే ఇంజనీరు, ఆయన బృందం ఎంజీబీలో ఆ చాసిస్ తీసేశారు. రేకుల్ని మడిచి, అతికి, బాడీనే బలమంతా మోసేలా కట్టారు. దాంతో చక్రాల మధ్య దూరం 94 అంగుళాల నుంచి 91కి తగ్గినా లోపల చోటు పెరిగింది. కారు పొట్టిదైంది, కాళ్లకి జాగా ఎక్కువైంది. భేషైన పనే. కానీ ఆ రోజు నుంచి కారు భారమంతా మిల్లీమీటరు అటూ ఇటూ మందం ఉన్న రేకుల మీద పడింది.

మూత ఉన్న అట్టపెట్టెని రెండు చేతులతో పట్టి మెలితిప్పి చూడండి, లొంగదు. మూత తీసి మళ్లీ తిప్పండి, మెలికలు తిరిగిపోతుంది. టాపు లేని కారు ఆ మూత తీసిన పెట్టె. మామూలు కారులో పైకప్పూ, దాన్ని మోసే స్తంభాలూ బరువులో వాటా పంచుకుంటాయి. ఇక్కడ ఆ వాటా కూడా నేల మీదే పడుతుంది. నేలలోనూ ముఖ్యంగా సిల్ మీద. తలుపు కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడుగ్గా సాగే రేకు పెట్టెనే సిల్ అంటారు. మనం కారెక్కేటప్పుడు దాని మీదుగానే కాలు లోపల పెడతాం. ఎంజీబీలో బయటికి కనిపించేది దాని పై పొర మాత్రమే. లోపలివైపు ఇంకో రేకు, రెంటికీ నడుమ నిలువుగా మూడోది, అడుగున నేలకీ సిల్‌కీ మధ్య ‘కాజిల్ రెయిల్’ అనే మడత రేకు. ఇవన్నీ కలిసి మూసిన గొట్టంలా నిలబడితేనే బలం. అందులో ఏ ఒక్కదాన్ని తుప్పు తినేసినా మిగతావి ఉత్త రేకు ముక్కలే.

మరి తుప్పు ఎక్కడ మొదలవుతుంది? బయట కాదండీ, లోపల. రేకూ రేకూ అతికిన చోట సన్నటి సందు ఉంటుంది. ఆ రోజుల్లో ఆ సందులోకి రంగు సరిగా వెళ్లేది కాదు. నీరు మాత్రం వెళ్లేది. ముందు చక్రం విసిరిన బురద, చక్రాన్ని కప్పే రెక్క లోపల సిల్ కొసన పేరుకుని తడి ఆరకుండా ఉండిపోతుంది. అద్దం ముందు గాలి లోపలికొచ్చే జాలీ కింద వాన నీరు బయటికి పోవడానికో గొట్టం ఉంటుంది. అందులో ఆకులు అడ్డుపడితే నీళ్లు నేరుగా కాళ్ల దగ్గరికి దిగుతాయి. గుడ్డ టాపు కారుతుందని వేరే చెప్పాలా! కారిన నీటిని తివాచీ కింది మందపాటి పట్టా నెలల తరబడి పీల్చి దాచుకుంటుంది. పైగా ఇంగ్లండులో చలికాలం వస్తే మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. చెషైర్‌లో విన్స్‌ఫర్డ్ అనే చోట అందుకోసమే భూమిలోంచి ఉప్పు తవ్వి తీస్తారు. ఇనుముకీ నీటికీ గాలికీ తోడు ఉప్పు కూడా చేరితే ఇక అడ్డేముంది? తుప్పుకి ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి, అందుకని అది ఉబ్బి, అతుకు దగ్గర రేకుల్ని ఎడంగా నెడుతుంది. ఆ ఎడంలోకి మరింత నీరు. బయట రంగు మీద చిన్న పొక్కు కనిపించేసరికి లోపల ఎన్నో ఏళ్ల భాగోతం జరిగిపోయి ఉంటుంది.

ఇప్పుడు మీ మేనల్లుడు లండన్‌లో ఉన్నాడనుకోండి. వాట్సాప్‌లో ఎర్రటి ఎంజీబీ ఫోటో పెట్టి ‘మావయ్యా, బేరం బాగుంది, తీసుకోనా?’ అన్నాడు. మీరు వాడికి చెప్పాల్సినవి చెప్తాను, రాసుకోండి. తలుపుకీ వెనక బాడీకీ మధ్య ఉన్న సందు చూడమనండి. పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉంటే కారు నడుం వంగినట్టే. కారుని జాకీ మీద లేపి తలుపు తీసి మళ్లీ వేయమనండి. పట్టేస్తే అనుమానమే అక్కర్లేదు. సిల్ పొడుగునా చిన్న అయస్కాంతం పెట్టి జరపమనండి. అంటుకోని చోట ఉన్నది రేకు కాదు, లప్పం. చివరగా తివాచీ ఎత్తి, తడి పట్టా వాసన చూసి, వేళ్లతో గట్టిగా నొక్కమనండి. అమ్మేవాడు ‘అది ఎత్తొద్దు, అంటించేశాం’ అంటే కాఫీ తాగి వచ్చేయమనండి.

ఇంకో మోసం ఉంది. కుళ్లిన సిల్ మీదే కొత్త రేకు తొడిగి, వెల్డింగు చేసి, నల్లటి తారు పూసేస్తారు. చూడ్డానికి నిగనిగలాడుతూ ఉంటుంది. లోపల పాత తుప్పు దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. ఎంజీబీలో సిల్ కొసలు ముందు రెక్క వెనకా, వెనక రెక్క లోపలా దాక్కుని ఉంటాయి. ముందు రెక్క బోల్టులతో బిగించింది, విప్పొచ్చు. వెనక రెక్క మాత్రం అతికింది, దాని కింది భాగం కోస్తే తప్ప కొస అందదు. ఆ కోత కోయకుండా ‘సిల్ మార్చేశాం’ అని ఎవరైనా అంటే నమ్మకండి.

సరే, కొనేశాడు. ఇప్పుడు బాగుచేయాలి. గ్రైండర్ చేతికి రాగానే కోసేయాలనిపిస్తుంది. ఆగాలి. ఈ పనిలో వెల్డింగు కంటే ముందు కొలత ముఖ్యం. కారుని చదునైన నేల మీద, స్ప్రింగులు బాడీకి తగిలే చోట్లకి దగ్గరగా స్టాండ్లు పెట్టి నిలబెట్టాలి. అంటే బరువు ఎప్పుడూ ఎక్కడ పడుతుందో ఇప్పుడూ అక్కడే పడాలి. తలుపు సందులు, మూల నుంచి మూలకి ఐమూల కొలతలు రాసి గోడకి అంటించుకోవాలి. తర్వాత తలుపు చట్రంలో, కబ్జాలుండే స్తంభం నుంచి గడియ పడే స్తంభానికి గట్టి ఇనప గొట్టం అడ్డంగా అతకాలి. సిల్ కోసేశాక కారు కుంగకుండా పట్టి ఉంచేది అదే. ఇది పెట్టకుండా కోస్తే కారు కుంగుతుంది. కుంగిన ఆకారంలోనే కొత్త సిల్ అతికిస్తే ఆ వంకర కారుకి శాశ్వతం. కొత్త రేకుతో, మంచి వెల్డింగుతో, ఏ తలుపూ పడని కారు తయారవుతుంది. అలాంటివి లోకంలో చాలానే ఉన్నాయి.

రెండో నియమం: ఒకసారి ఒక పక్కే. కుడి పక్క పూర్తయ్యేదాకా ఎడమ పక్క ముట్టుకోకూడదు. మూడోది నిప్పు. నేల అడుగునే పెట్రోలు గొట్టం, బ్రేకు గొట్టాలు, కరెంటు తీగలు సాగుతాయి. సీట్ల వెనక బ్యాటరీలుంటాయి. 1974 దాకా వచ్చిన కార్లలో ఆరేసి వోల్టులవి రెండు. పెట్రోలు టాంకు, సీట్లు, తివాచీ, పట్టా అన్నీ బయటికి పోవాలి. నిప్పు ఆర్పే సిలిండరు చేతికందే దూరంలో ఉండాలి. వెల్డింగు ఆపాక కూడా కాసేపు అక్కడే కూర్చోవాలి. నిప్పురవ్వ అరగంట నిద్రపోయి లేవగలదు.

పాత రేకు తీయడం అంటే చింపడం కాదు. కంపెనీవాళ్లు చుక్కలు చుక్కలుగా అతికిన చోట్లని వెతికి, ఒక్కో చుక్కనీ ప్రత్యేకమైన బర్మాతో తొలిచి, ఉలితో రేకులు విడదీయాలి. మిగిలే అంచు శుభ్రంగా ఉంటేనే కొత్తది కూర్చుంటుంది. తుప్పు కనిపించినంత మేరే కోస్తే చాలదు. మెరిసే గట్టి రేకు తగిలేదాకా వెనక్కి కోయాలి. పల్చబడ్డ రేకు మీద వెల్డింగు నిలవదు, కాలి చిల్లులు పడుతుంది.

కొత్త రేకు కొట్లో కొన్నదే అయినా అచ్చంగా సరిపోతుందని ఆశ పెట్టుకోవద్దు. క్లాంపులు, చిన్న స్క్రూలతో తాత్కాలికంగా బిగించాలి. తలుపు వేయాలి, ముందు రెక్క తగిలించాలి, సందు చూడాలి, విప్పాలి, సుత్తితో సరిచేయాలి, మళ్లీ బిగించాలి. అన్నీ సరిపోయాకే మంట. అంచుకి చిన్న చిల్లులు పొడిచి, వాటిలో వెల్డింగు నింపుతూ పోతే పాత చుక్క అతుకుల బలం వస్తుంది. ఒకే చోట వరసగా కాల్చకూడదు. ఇక్కడొకటి, అక్కడొకటి పెడుతూ వేడి చల్లారనివ్వాలి, లేకపోతే రేకు అలలు తిరుగుతుంది. మూసేసే ముందు లోపలి ముఖాలకి జింకు ప్రైమరు పూయాలి. మూసేశాక ఎవరి బ్రష్షూ అందదు. రంగు పని అయ్యాక అతుకుల మీద సీలరు, సిల్ లోపల పల్చటి మైనం పిచికారీ చేయాలి. అడుగున నీరు కారే రంధ్రాలు మాత్రం తెరిచే ఉంచాలి. వాటిని మూసేసిన వాడు కొత్త సిల్‌ని కూడా మళ్లీ నీళ్లలో నానబెడుతున్నట్టే.

చట్టం ఏమంటుందో కూడా చెప్పాలి. బ్రిటన్‌లో ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షన్, సీటు బెల్టు బిగించే చోట్లకి 30 సెంటీమీటర్ల లోపు బలాన్ని తినేసిన తుప్పుంటే కారు తప్పినట్టే. అక్కడ అతుకేస్తే చుట్టూరా తెగకుండా వెల్డింగు ఉండాలి. లప్పం, ఫైబరు, రివెట్లు చెల్లవు. అయితే 2018 మే నుంచి 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకి ఈ పరీక్ష తప్పనిసరి కాదు. ఎంజీబీలన్నీ ఇప్పుడు ఆ వయసు దాటేశాయి. పరీక్ష పోయినా కారుని సురక్షితంగా ఉంచే బాధ్యత పోలేదు. ఇంతకు ముందు ఏడాదికోసారి పరీక్షకుడు అడుగు భాగం చూసేవాడు, ఇప్పుడు ఆ పని యజమానిదే.

ఇంత తంటా ఎందుకు, మొత్తం బాడీయే కొత్తది దొరకదా అంటారా? దొరుకుతుంది! బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పాత అచ్చులు సంపాదించి 1988 నుంచి ఎంజీబీ బాడీలని మళ్లీ తయారుచేస్తోంది. 1992లో వచ్చిన ఎంజీ ఆర్‌వీ8 అనే కారు పుట్టుకే ఆ బాడీ నుంచి. కానీ దాని ఖరీదు చూస్తే చాలామంది మళ్లీ గ్రైండరే పట్టుకుంటారు. ఇంకొందరు అమెరికా నుంచి, ముఖ్యంగా కాలిఫోర్నియా లాంటి పొడి ప్రాంతాల నుంచి, తుప్పు లేని పాత కార్లని వెనక్కి తెప్పించుకుంటారు. ఎంజీబీల్లో ఎక్కువ భాగం అప్పట్లో అమెరికాకే వెళ్లాయి మరి.

నా తీర్పు అడిగితే చెప్తాను. ఇంజను చెడిపోయి నేల గట్టిగా ఉన్న ఎంజీబీ, ఇంజను గడియారంలా ఆడుతూ నేల కుళ్లిన ఎంజీబీ పక్కపక్కన పెడితే, కళ్లు మూసుకుని మొదటిది కొనండి. ఇంజను విప్పి కట్టే మెకానిక్కులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కొలత పెట్టి, ఓపిక పట్టి, వంకర లేకుండా సిల్ అతికే రేకు పనివాళ్లు తక్కువ. అలాంటివాడు మీకు దొరికితే మాత్రం కూలి దగ్గర బేరం ఆడకండి.