రెండు గీతలు కలిసేచోటు

నాచారంలోని మా పాత స్థలంలో ఇల్లు మొదలుపెట్టేనాటికి నాన్నగారు లేరు. ముగ్గు పోసే రోజున మేస్త్రీ అడిగిన ప్రశ్న ఒకటే. "సారూ, ఈడ పూడ్చిన బాయి ఉండెనంటగా, యాడుందో చెప్పుర్రి. పూడ్చిన మట్టి మీద పిల్లరు నిలబడది." బావి ఉండేదని విన్నానే గాని ఎక్కడో ఎరుగను. నేను పుట్టకముందే దానిని పూడ్చేశారు.

అమ్మ తన పెట్టె అడుగునుండి ఒక గ్రాఫు కాగితం తీసి ఇచ్చింది. లెక్కల మాస్టారి దస్తూరి. దక్షిణపు హద్దున పడమటి రాయి 'అ', దానికి తూర్పున 30 మీటర్ల దూరంలోని రాయి 'ఆ'. పక్కన రెండే అంకెలు: బావి 'అ' నుండి 053 డిగ్రీలు, 'ఆ' నుండి 323 డిగ్రీలు. ఉత్తరం నుండి గడియారపు ముల్లు తిరిగే దిశలో లెక్క. నడుమ ముళ్ళపొదలుండేవట, అందుకే ఆయన బావి దాకా కొలవలేదు.

దిక్సూచి పట్టుకుని 'అ' దగ్గర నిలబడ్డాను. ముల్లు నిలకడగా లేదు. తీరా చూస్తే పక్కనే ఇనుపచువ్వల కట్టలు! 24 మీటర్ల దూరాన ఒక్క డిగ్రీ తప్పితే ఇంచుమించు మూరెడు తేడా వస్తుంది.

ఇంటికి వచ్చి 1:250 స్కేలులో బొమ్మ గీశాను. 30 మీటర్లు 12 సెంటీమీటర్లయింది. కోణమానినితో 'అ' వద్ద 37, 'ఆ' వద్ద 53 డిగ్రీలు గీస్తే గీతలు లంబంగా కలిశాయి. 9.6, 7.2 సెంటీమీటర్లు. అంటే 24, 18 మీటర్లు. ఇక దిక్సూచితో పనిలేదు, రెండు టేపులు చాలు.

1802లో లాంబ్టన్ మద్రాసు దగ్గర దాదాపు 12 కిలోమీటర్ల ఆధారరేఖను గొలుసుతో కొలిచి, ఆపైన కోణాలతోనే ముందుకు సాగాడు. ఆ పనిని అందుకున్న భారత సర్వే సంస్థ శిక్షణాలయం మా పొరుగున ఉప్పల్‌లోనే ఉంది. ఆ గోడ పక్కగా ఎన్నిసార్లు బస్సులో వెళ్ళానో! ఏనాడూ అది నా విషయమనుకోలేదు.

టేపులు కలిసినచోట గడ్డపార వేస్తే, నడుములోతున రాతికట్టు వరుస వంపు తిరుగుతూ కనబడింది. మేస్త్రీ మారుమాట లేకుండా పిల్లరును జరిపాడు. అమ్మ మాత్రం గట్టున కూర్చుని, ఆ రాళ్ళకేసి చాలాసేపు చూసింది.

కాగితంపై ఆయన వదిలేసిన రెండు దూరాలనూ వ్రాసి, క్రింద తేదీ వేశాను. తిరిగి అమ్మ పెట్టెలోనే పెట్టాను.