కొబ్బరికి ఒక కీ కావాలి

హాస్టల్లో మెకానికల్ కీబోర్డు ఉన్నవాడి పక్క మంచం వాడికి నిద్ర ఉండదని మనందరికీ తెలుసు. దానికి రంగుల కీక్యాప్‌లు కూడా కొన్నాడంటే వాడికి డబ్బులెక్కువయ్యాయని తీర్మానం చేసేస్తారు. మా రూమ్‌లో ఆ పేరు నాకొచ్చింది. రంగుల సంగతి తర్వాత చెప్తాను, ముందు మా నాయనమ్మ సంగతి వినండి.

నాయనమ్మది ఉద్దానంలో సముద్రానికి దగ్గర ఊరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా కొబ్బరి చెట్లూ, జీడి తోటా పోయాయి. అప్పటికి నాకు పన్నెండేళ్లు. ఆ రాత్రి గురించి ఆవిడ చెప్తుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. "అది గాలి కాదురా, ఏటో అరుస్తున్నట్టుండీది. తెల్లారి చూస్తే చెట్లన్నీ పడిపోనాయి. ఏటీ మిగల్లేదు." ఆవిడ మాటల్ని ఆవిడ అన్నట్టే రాసి ఈ పత్రికకి ఇవ్వాలని నా కోరిక.

ఫోన్ తీసి మొదలుపెట్టాను. ఇంగ్లీష్ అక్షరాలు కొడితే తెలుగు చేసి ఇచ్చే పద్ధతి, మనందరం వాడేదే. 'పోనాయి' కొడితే 'పోయాయి' చూపించింది. 'ఏటి' కొడితే 'ఏమిటి' అంది. వెనక్కెళ్లి సరిచేసి, మళ్లీ కొట్టి, పది వాక్యాలు అయ్యేసరికి నాయనమ్మ కాస్తా టీవీలో వార్తలు చదివే ఆవిడలా తయారైంది. పైగా ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం కదా, ఏ తెలుగు మాటైనా ముందు నా బుర్రలో ఇంగ్లీష్ స్పెల్లింగ్‌గా మారి తర్వాత వేళ్లలోకి వస్తుంది. 'తమ్ముడు' అనగానే 'టి హెచ్' గుర్తొచ్చే బతుకు.

అప్పుడు దొరికింది ఇన్‌స్క్రిప్ట్. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో భారతీయ భాషలన్నిటి కోసం చేయించిన కీబోర్డు పద్ధతి ఇది. మన విండోస్‌లో ఉంది, లినక్స్‌లో ఉంది, సెట్టింగ్స్‌లో తెలుగు కలుపుకుంటే చాలు. ఇంగ్లీష్ స్పెల్లింగ్‌తో దీనికి పనిలేదు. దాదాపుగా ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతం గుర్తులు, కుడి చేతి వైపు హల్లులు. 'క', 'ఖ' రెండూ ఒకే కీ మీద ఉంటాయి, షిఫ్ట్ పట్టుకుంటే 'ఖ'. 'త', 'థ' కూడా అంతే. తమాషా ఏంటంటే 'క' ఉన్నది కె కీ మీదే. అది చూసి అన్నీ అలాగే ఉంటాయనుకుంటే ఎ కీ కొట్టగానే ఓత్వం వస్తుంది!

మరి ఒత్తులేవి? మా రూమ్‌లో అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఇదే. ఒత్తులకి వేరే కీలు లేవు. డి కీ మీద పొల్లు ఉంటుంది. 'క' కొట్టి, పొల్లు కొట్టి, మళ్లీ 'క' కొడితే 'క్క' అవుతుంది. అంటే ఒత్తుని తయారు చేసేది కంప్యూటరే, మనం ఏ అక్షరం కింద ఏ అక్షరం ఉందో చెప్తే చాలు. మన ఊరి పేరు చూడండి: ట, ఎత్వం, క, పొల్లు, క, ల, గుడి. ఏడు నొక్కులకి 'టెక్కలి' వచ్చేసింది.

ఇదంతా బాగుంది కానీ కీల మీద అక్షరాలు కనబడకపోతే నాలాంటివాడు ఎలా నేర్చుకుంటాడు? అందుకని కీక్యాప్‌ల వేట మొదలైంది. నేను వెతికిన చోట తెలుగు సెట్ దొరకలేదు. డబుల్‌షాట్ పద్ధతిలో అక్షరాన్ని వేరే రంగు ప్లాస్టిక్‌తో పోస్తారు, కాబట్టి ప్రతి అక్షరానికీ అచ్చు కావాలి. కొద్దిమంది కొనేదానికి అంత ఖర్చు ఎవరు పెడతారు? అందుకే ఏమీ రాయని ఖాళీ క్యాప్‌లు తెప్పించాను, పీబీటీ ప్లాస్టిక్‌వి. ఏబీఎస్ అయితే వాడేకొద్దీ నూనె రాసినట్టు మెరుస్తుంది, ఇవి త్వరగా అలా అవ్వవు.

కీబోర్డు మాత్రం సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, 87 కీలది. 61 కీల బుల్లి బోర్డు చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, ధర కూడా తక్కువే. కానీ ఇన్‌స్క్రిప్ట్‌లో ఒత్వం ఉండేది ఒకటి అంకెకి ఎడమ పక్కన. బుల్లి బోర్డుల్లో అక్కడ ఎస్కేప్ కీ ఉంటుంది. అంటే 'కొబ్బరి' అని రాయాలంటే ప్రతిసారీ ఫంక్షన్ కీ పట్టుకోవాలి. ఉద్దానం వాడికి కొబ్బరి రాయడమే కష్టమైతే ఇంక ఆ కీబోర్డు దేనికి?

రంగులు మన చుట్టుపక్కల నుంచే తీసుకున్నాను. అచ్చుల వైపు భావనపాడు సముద్రం నీలం. హల్లుల వైపు జీడిమామిడి పండు పసుపు. షిఫ్ట్, ఎంటర్ లాంటి వాటికి కొబ్బరాకు పచ్చ. పొల్లు ఒక్కటే ఎరుపు, ఎందుకంటే మొదటి వారం దాన్నే ఎక్కువ వెతుక్కున్నాను.

అక్షరాల కోసం టెక్కలిలో బైక్ నంబర్ ప్లేట్లకి రేడియం స్టిక్కర్లు కట్ చేసే అన్న దగ్గరికి వెళ్లాను. "ఇంత చిన్న 'ఝ' కట్ చేస్తే లేచిపోద్ది తమ్ముడూ, ప్రింట్ తీసి పైన లామినేషన్ వేద్దాం" అన్నాడు. పేపర్ మీద నేను రాసిచ్చిన అక్షరాలన్నీ గబగబా టైప్ చేసేశాడు. ఆయన కీబోర్డు మీద తెలుగు లేదు సరికదా, ఇంగ్లీష్ కూడా సగం అరిగిపోయింది. డీటీపీ పనిలో యాపిల్ లేఅవుట్ నేర్చుకున్నాడట, ఇన్‌స్క్రిప్ట్ కాదు. "కీలకేసి ఏటి చూస్తావు? ఏళ్లకి తెలిస్తే సరిపోద్ది కదా" అన్నాడు. కరెక్టే. కానీ ఆ వేళ్లకి నేర్పడానికే నాకీ స్టిక్కర్లు.

మూడు వారాలు రోజూ అరగంట కూర్చున్నాను. మొదట్లో నిమిషానికి నాలుగు మాటలు కూడా పడేవి కావు. మా రూమ్‌లో పర్లాకిమిడి వాడొకడున్నాడు, ఇంట్లో ఒడియా. వాడు వచ్చి భాష మార్చి కొడితే వాళ్ల 'క' కూడా అదే కీ మీద వచ్చింది! ఇన్‌స్క్రిప్ట్ వరస అన్ని భాషలకీ ఒకటే మరి. అప్పటి నుంచి నాకంటే వాడే ఎక్కువ వాడుతున్నాడు.

పర్లాకిమిడి అంటే గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. 1863లో ఈ జిల్లాలోనే పర్వతాలపేటలో పుట్టారు. పుస్తకాల భాష వాడుక భాషకి దగ్గరవ్వాలని జీవితమంతా పోరాడారు. ఆగస్టు 29న ఆయన ఫొటోకి మనం దండ వేస్తాం. ఆ సాయంత్రమే 'పడిపోనాయి' అని కొడితే ఫోన్ దిద్దుతుంది, మనం సరేనని వదిలేస్తాం. దిద్దిన మాటలో తప్పేం లేదు, అందులో మా నాయనమ్మ లేదంతే.

దసరా సెలవులకి మూడు పేజీలు ప్రింట్ తీసి తీసుకెళ్లాను. నాయనమ్మ కళ్లజోడు పెట్టుకుని వేలితో గీత గీతా పట్టుకుని చదివింది. 'పడిపోనాయి' దగ్గర ఆగింది. "ఇదేట్రా, నేనన్నట్టే రాసేసినావు? ఇలాగ రాస్తే మీ మేస్టర్లు తిట్టరా?" అంది. తిట్టరన్నాను. అయితే ఇంకో సంగతి రాసుకోమని, తోటలో పడిన చెట్లని లెక్కపెట్టడానికి తాతయ్యతో వెళ్లిన రోజు గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఇంతవరకూ అది నాకెప్పుడూ చెప్పలేదు.

అది వచ్చే సంచికకి ఇస్తాను. ఈలోగా కీబోర్డు మన క్లబ్ రూమ్‌లో పెడుతున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్లు అనే మాట, ఫోన్ రాయనివ్వని మాట ఒకటి పట్టుకురండి. ఎరుపు కీ దగ్గర స్టిక్కర్ ఓ మూల లేస్తోంది, కాస్త మెల్లగా నొక్కండి.