మేళ్లచెరువు నుండి నానక్‌రామ్‌గూడకు

కాశీ రామేశ్వర యాత్రలను గూర్చి మీరు పెక్కు వ్యాసములు చదివియుందురు. మేమిప్పుడు వ్రాయబోవునది అట్టి యాత్ర కాదు. మా యూరి నుండి హైదరాబాదునకు పోయి, రెండు దినములుండి తిరిగి వచ్చితిమి. అంతియే. అయినను ఆ ప్రయాణమువలన మేము నేర్చికొన్నది పెండ్లికెదిగిన కూతురు గల తల్లులకు పనికివచ్చునని తోచి, దీనిని వ్రాయుచున్నాము.

మా మేళ్లచెరువు సూర్యాపేట జిల్లాలో కోదాడకు దక్షిణమున నున్నది. ఊరి పేరు వినగనే తెలిసినవారు స్వయంభువగు శంభులింగేశ్వరస్వామిని తలతురు. కాకతీయుల కాలమునాటి ఆలయమది. లింగము శిరస్సున చిన్న రంధ్రమొకటి కలదు. అందు నీరెప్పుడును నిండియుండును. అది శివుని తలనున్న గంగయే యని పెద్దల విశ్వాసము. మహాశివరాత్రికి స్వామి కల్యాణమును, జాతరయు, ఎడ్ల పందెములును జరుగును. ఊరి నేలయడుగున సున్నపురాయి మెండు. అందుచే చుట్టుపట్ల సిమెంటు కర్మాగారములు వెలసినవి. ఉదయము ఆరవేసిన చీరను సాయంకాలము దులిపి మడత పెట్టుట మాకు అలవాటే.

మా యూరికి తూర్పుగా కొంతదూరమున జగ్గయ్యపేట కలదు. నిజాము కాలమున మేళ్లచెరువు హైదరాబాదు సంస్థానములోనిది. జగ్గయ్యపేట ఆంగ్లేయుల మద్రాసు రాజధానిలోనిది. ఇక్కడ హాలీ సిక్కా, అక్కడ కల్దారు రూపాయి. నడుమ కరోడ్గిరి నాకా. మా అత్తగారి అత్తగారు జగ్గయ్యపేట పడుచు. ఆమె కాపురమునకు వచ్చునపుడు బండిలోని ఇత్తడి సామానును నాకావద్ద దింపి సుంకము చెల్లించిరట. “బిందెలకు సుంకమడిగిరి గాని, నీవెవరి పెండ్లామవని నన్నెవరును అడుగలేదు” అని యామె నవ్వుచు చెప్పుచుండెడిదట. 2014 జూన్ 2వ తేదీ నుండి ఆ ప్రాంతముననే మరల రెండు రాష్ట్రముల సరిహద్దు ఏర్పడినది. ఇప్పుడు బిందెలను గూడ ఎవరును దింపింపరు. కాని సముద్రము దాటి కాపురమునకు పోవు పిల్లను మాత్రము, నీవెవరి పెండ్లామవో ఋజువు చూపుమని అడుగుదురు. మా ప్రయాణమునకు అదియే కారణము.

మా వారి మేనకోడలు నర్సు చదువు పూర్తిచేసి, కోదాడలో నొక ఆసుపత్రిలో నాలుగేండ్లు పనిచేసినది. ఆమెకు టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరములో కంప్యూటరు ఉద్యోగము చేయు వరుని సంబంధము వచ్చెను. పిల్లవాడు బుద్ధిమంతుడు, కుటుంబము ఎరిగినదే. ఫోనులో ముఖములు చూచుకొని మాటలాడుకొనుచున్నపుడు పిల్ల యడిగిన మొదటి ప్రశ్న యిది: “నేనక్కడికి వచ్చిన పిదప ఉద్యోగము చేయవచ్చునా?” పెద్దలు ఒకరి మొగమొకరు చూచుకొనిరి. వరుడు మాత్రము నొచ్చుకొనక, తాను హెచ్-1బి వీసాపై నున్నాననియు, భార్యకు హెచ్-4 వీసా వచ్చుననియు, దానిపై నివసించుటకును చదువుకొనుటకును వీలున్నదిగాని వెంటనే జీతమునకు పనిచేయరాదనియు, ఉన్నదున్నట్లు చెప్పెను.

మా వారు బడిపంతులు. ఊరిలో ఎవరికి ఏ కాగితము వచ్చినను మా యరుగుమీదికే వచ్చును. కావున ఆ వారమంతయు మాయింట వీసాల పాఠమే జరిగెను. మాకు బోధపడినంతవరకు దారులివి.

మొదటిది హెచ్-4. ఇది భర్త వీసాను అంటిపెట్టుకొనియుండును. అతని ఉద్యోగము పోయినచో దీనికిని ఆధారము పోవును. భర్త శాశ్వత నివాసమునకై యజమాని పెట్టు ఐ-140 అను అర్జీ మంజూరైనచో, భార్య పని అనుమతిని కోరవచ్చును. ఈ వెసులుబాటు 2015 మే 26వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. మా పిల్లవాని యజమాని ఆ యర్జీ నింకను పెట్టలేదు.

రెండవది, వరునికి గ్రీను కార్డు వచ్చువరకు పెండ్లి నాపుట. ఇందు రెండు చిక్కులున్నవి. ఉద్యోగమును బట్టి యిచ్చు ఆ కార్డులలో ఏ యొక్క దేశమువారికిని నూటికి ఏడు పాళ్లకు మించరాదని నియమము. కావున మన దేశమున పుట్టినవారి వరుస ఏండ్ల తరబడి సాగుచున్నది. రెండవ చిక్కు మరియు పెద్దది. కార్డు రాకముందే పెండ్లియైన భార్యకు భర్తతోడనే అర్హత కలుగును. వచ్చిన పిదప పెండ్లియైనచో భార్య వేరొక వరుసలో మొదటినుండి నిలువవలెను. “ఆగినచో మేలు” అను మన సామెత ధోరణి ఇచ్చట చెల్లదు.

మూడవది, పిల్ల తన చదువును బట్టి తన పేరనే పోవుట. నర్సులకట్టి దారి యున్నది. కాని అందును మనవారి వరుస దీర్ఘమే.

ఇంతలో బంధువులలో నొక పెద్దాయన “ఇంత చర్చ యెందుకు? విజిటరు వీసాపై పంపుడు, అక్కడికి పోయి మార్చుకొనవచ్చును” అనెను. మా వారు సామాన్యముగా కోపపడరు; ఆనాడు మాత్రము, “చూచిపోవుటకు వచ్చితినని చెప్పి కాపురముండుట అబద్ధము కాదా? ఆ యబద్ధము ఒకమారు వ్రాతలో కెక్కినచో ఆ పిల్లకు జన్మమంతయు వీసా దొరకకపోవచ్చును. సలహా మనది, శిక్ష ఆమెది” అనిరి. ఆయన మరల ఆ మాట యెత్తలేదు.

తుదకు నిర్ణయము పిల్లయే చేసినది. హెచ్-4 పై పోవుటకు సమ్మతించినది. కాని అక్కడి నర్సుల అర్హత పరీక్షకు తాను చదువుకొనవలెననియు, అందుకగు వ్యయమును వరుడు భరింపవలెననియు పెండ్లికి ముందే అడిగినది. ఆతడంగీకరించెను. కట్నకానుకల మాటలు వినియుంటిమి గాని, పిల్ల యిట్లు తన పరీక్ష రుసుమును గూర్చి మాట తీసికొనుట మేమదే చూచుట.

పెండ్లి జరిగెను. వెంటనే సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున నమోదు చేయించితిమి. 2006లో సుప్రీంకోర్టు వివాహముల నమోదు తప్పనిసరి కావలెనని చెప్పియున్నది. మన తెలుగునాట అంతకుముందే, 2002లోనే, అందులకు చట్టము వచ్చినది. బాల్యమున మా తండ్రిగారు మాచేత శాకుంతలము చదివించిరి. కణ్వాశ్రమమున జరిగిన ఆ పెండ్లికి చెలికత్తెలు తప్ప సాక్షులెవరు? ఉన్న గుర్తు ఒక్క ఉంగరము. అదియు నీట జారిపోయెను. నిండు సభలో దుష్యంతుడు నిన్నెరుగననగా శకుంతల చూపుటకేమియు లేకపోయెను. ఆనాడు మేము దుర్వాసుని తిట్టుకొంటిమి. ఇప్పుడు మాత్రము, ఆ యుంగరమునకు మారుగా రిజిస్ట్రారు ముద్ర గల కాగితమొకటి యుండిన ఎంత బాగుండెడిదని తోచును.

ఆ కాగితము విషయమున మేమే యొక పొరపాటు చేసితిమి. మన తెలుగువారము ఇంటిపేరును ఒక్క యక్షరముతో సరిపెట్టుదుము. పాస్‌పోర్టులో అది పూర్తిగా నుండును. అర్జీలో మేము పొడి అక్షరమే వ్రాసితిమి. శుభలేఖలో పిల్ల ముద్దుపేరు అచ్చువేయించితిమి. మూడు కాగితములలో మూడు పేర్లు! సవరణకు మరల తిరుగుటలో మూడు వారములు గడచెను. కావున పదవ తరగతి ధ్రువపత్రము, పాస్‌పోర్టు, శుభలేఖ, వివాహ ధ్రువపత్రము – ఈ నాలుగింటను పేరు అక్షరము పొల్లుపోక ఒక్కటిగా నుండునట్లు ముందే చూచుకొనవలెను.

డీఎస్-160 అను అర్జీ నింపి, 205 డాలర్ల రుసుము చెల్లించిన పిదప రెండు తేదీలు వచ్చెను: ఒకటి వేలిముద్రలకు, రెండవది సంభాషణకు. పిల్లయు, ఆమె తల్లియు, మేమును తెల్లవారుజామున కోదాడలో బస్సెక్కితిమి. అక్కడి నుండి హైదరాబాదు సుమారు 175 కిలోమీటర్లు. సూర్యాపేట దాటి మూసీ వంతెన మీదికి వచ్చునప్పటికి ప్రొద్దు పొడిచెను. తల్లి “చిలుకూరు పోవలదా?” అని యడిగెను. మాకు చిలుకూరనగా కోదాడ చెంతనున్న ఊరే జ్ఞప్తికి వచ్చి, వెనుకకా యని విస్తుపోతిమి. ఆమె చెప్పినది హైదరాబాదు దాపున నున్న చిలుకూరు బాలాజీ. కోరికకు పదునొకండు ప్రదక్షిణములు, నెరవేరిన పిదప నూట యెనిమిది. వీసా కోరువారు వేలకొలది పోవుటచే ఆయనకు వీసా దేవుడని పేరు వచ్చినది. వేలిముద్రల పని ముగించుకొని ఆ సాయంకాలము పోయి పదునొకండు తిరిగితిమి.

మరునాడుదయము నానక్‌రామ్‌గూడ చేరితిమి. అమెరికా కాన్సులేటు 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో తెరువబడి, 2023 మార్చిలో ఇక్కడి క్రొత్త భవనమునకు మారినది. లోనికి ఫోను తీసికొనిపోరాదు. తోడుగా వచ్చినవారు వెలుపలనే నిలువవలెను. పిల్ల కాగితముల సంచితో ఒంటరిగా లోనికి పోవుచుండగా, తల్లి కొంగుతో కన్నులొత్తుకొనెను.

వెలుపల వేచియున్న స్త్రీల గోష్ఠియే మాకు గొప్ప పాఠశాల యైనది. ఖమ్మము నుండి వచ్చిన యొకామె పెద్దల్లుడు అమెరికా పౌరుడు. పౌరుని భార్యకు సంఖ్యా పరిమితి లేదట. వలస వీసాకు సంభాషణ మాత్రము ముంబయిలో జరిగెనట. పెండ్లియై రెండేండ్లు నిండకముందే పోయిన భార్యకు రెండేండ్ల కార్డిత్తురు. గడువు ముగియుటకు ముందు దంపతులిద్దరును కలిసి అర్జీ పెట్టవలెను. భర్త హింసించువాడైనచో భార్య యొంటరిగనే అర్జీ పెట్టుకొనవచ్చును. ఈ సంగతి ప్రతి తల్లియు కూతురి చెవిని వేసి పంపదగినది. పెండ్లికి ముందే వధువుగా పోవు వీసా కూడ కలదు. పోయిన తొంబది దినములలో వివాహమాడవలెను.

గుంటూరామె కుమారుడు లండనులో నున్నాడు. అచ్చట భార్యను తెచ్చుకొనుటకు ఏటికి 29,000 పౌండ్ల ఆదాయము చూపవలెనని 2024 ఏప్రిలులో నియమము పెట్టిరి. అంతకుముందు 18,600 చాలెడిది. అయితే ఆ వీసాపై భార్య ఉద్యోగము చేయవచ్చును. మరియొకామె బంధువుల పిల్ల జర్మనీకి పోవుటకై, అత్తవారి యింట ఉగాది పచ్చడి చేయుచునే జర్మను భాష మొదటి తరగతి పాఠములు వల్లించినదట.

గంటన్నరకు మా పిల్ల వెలుపలికి వచ్చెను. భర్త యేమి చేయును, పెండ్లి యెక్కడ జరిగెను, ఎందరు వచ్చిరి – మూడే ప్రశ్నలు. పాస్‌పోర్టు ఉంచుకొనిరి, అదియే మంచి సూచనయట. తల్లి దండము పెట్టెను. పిల్ల మాత్రము నవ్వలేదు. బస్సులో మాప్రక్కన కూర్చుండి, “అత్తయ్యా, ఆ కాగితములలో నన్ను డిపెండెంటని వ్రాసిరి. నాలుగేండ్లుగా ఇంటి అద్దె కట్టినది నేనే కదా!” అనెను. కావ్యములలో భార్యను చెట్టునల్లుకొను తీగయనుట చదివి మేమానందించిన వారమే. ఆనాడామెకు బదులు చెప్పలేకపోతిమి.

అప్పుడు మాకు యల్లాప్రగడ సుబ్బారావుగారి ఇల్లాలు శేషగిరిగారు జ్ఞప్తికి వచ్చిరి. ఆ మహాశాస్త్రజ్ఞుడు అమెరికాకు పోయి, 1948లో అచ్చటనే కాలధర్మము చెందెను. ఆయన తిరిగి రాలేదు; ఆమె పోలేదు. ఆ కాలమున అమెరికా చట్టములు ఆసియావారి వలసను దాదాపు మూసివేసియుండెను. 1946లో గాని మన దేశమునకు ఏటికి నూరుగురికి వీలు కలుగలేదు. పరదేశీయుని పెండ్లాడిన అమెరికా స్త్రీయే 1907 నాటి చట్టముచే తన పౌరసత్వమును కోల్పోయెడిది. 1922లో ఆ నియమమును సడలించిరిగాని, ఆసియావారిని పెండ్లాడిన వారికి 1931 వరకు విముక్తి కలుగలేదు. ఇదంతయు చెప్పగా పిల్ల విని, “అయినచో నేను కొంత మేలే” అని అప్పటికి నవ్వెను.

పాస్‌పోర్టు వచ్చిన నాడు దానిని శంభులింగేశ్వరుని సన్నిధిని ఉంచి పూజ చేయించితిమి.

సోదరీమణులారా! వరుని జీతమెంత యని అడుగుటకు మనము సంకోచింపము. అతని వీసా యెట్టిది, దానిపై మా పిల్లకేమి హక్కు కలుగును, పని అనుమతి యెప్పటికి రాగలదు అని అడుగుటకు సంకోచమెందుకు? అడుగుటయే కాదు, ఆ ప్రశ్నను పిల్లచేతనే అడిగింపుడు. నియమములు తరచుగ మారుచుండును. కావున ఇరుగుపొరుగు మాట నమ్మక, ఆయా ప్రభుత్వముల ప్రకటనలను స్వయముగా చూచుకొనుడు.

మా పిల్ల ఇప్పుడు డల్లాసులో నున్నది. భర్త మాట తప్పలేదు; పరీక్ష రుసుము కట్టినాడు. యజమాని అర్జీ ఇంకను కదలలేదు. మొన్న ఫోనులో “అత్తయ్యా, రాత్రి డ్యూటీ కలలోనికి వచ్చినది, లేచి చూడగా చేతికి గడియారము లేదు” అనెను. తల్లి ఆ మాట విని, పిల్ల వదలిపోయిన గడియారమును బీరువాలోనుండి తీసి, ఆగిపోకుండ క్రొత్త బ్యాటరీ వేయించి యుంచినది.