కార్డు తర్వాత, కరెంటు ముందు

మీలో చాలామంది ఇళ్లలో లాగే మా ఇంట్లోనూ విప్పని అట్టపెట్టెలు రెండో మూడో ఎప్పుడూ ఉంటాయి. పదమూడేళ్లలో అయిదు ఊళ్లు తిరిగాం. జైసల్మేర్ ఇసుక మా కూలరు అడుగున ఇంకా ఉంది. జోర్హాట్ తేమకు బూజు పట్టిన తెలుగు వాచకాలను ఎన్ని ఎండల్లో పెట్టినా ఆ వాసన పోలేదు. అందుకే మా ఇంట్లో ఏ వస్తువు కొనాలన్నా ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఇది లారీలో బతుకుతుందా?

2023 వేసవి సెలవుల్లో ఆ ప్రశ్న కంప్యూటరు దగ్గరికి వచ్చింది. అడిగింది మా అబ్బాయి, అప్పుడు ఏడో తరగతి. ఆటలాడుకునే కంప్యూటరు కావాలన్నాడు. మామూలుగా అయితే ఆ మాట దగ్గరే ఆపేసేవాళ్లం. కానీ దాని వెనక సంగతి మాకు తెలుసు.

జోర్హాట్‌లో మా వరస క్వార్టర్లలోనే వాడికి ఇద్దరు స్నేహితులు ఉండేవారు. ఒక్క ఏడాదిలో ముగ్గురి ఇళ్లకూ బదిలీ కాగితాలు వచ్చాయి. ఒకడు పోర్ట్ బ్లెయిర్ వెళ్లాడు, ఇంకొకడు బఠిండా, మేము ఈ ఊరు. శనివారం రాత్రి ఎనిమిదింటికి ముగ్గురూ మైన్‌క్రాఫ్ట్‌లో కలుసుకునేవారు. అందులో వాళ్లు కడుతున్నది కోటలూ రాజభవనాలూ అనుకున్నాం. ఒకరోజు వెనక నిలబడి చూస్తే, అది మా పాత కాలనీ! మూడు క్వార్టర్లు, సైకిళ్ల షెడ్డు, మెట్ల పక్కన మేము పెంచిన నిమ్మచెట్టు సహా.

మా పాత ల్యాప్‌టాప్‌లో ఉన్న మెమరీ 4 జీబీ. అరగంటకోసారి బిగుసుకుపోయేది. మావాడు మళ్లీ లోపలికి వెళ్లేసరికి మిగతా ఇద్దరూ ఇంకేదో కట్టేసేవారు. ఒక శనివారం వీడు లేకుండానే నీళ్ల ట్యాంకు పూర్తయింది. ట్యాంకు తనే కడతానని వారం ముందు నుంచీ చెబుతున్నాడు పాపం. ఏమీ అనకుండా, అన్నం తినకుండా పడుకున్నాడు. బదిలీ గ్రాంటులో సామాను ఖర్చు పోను మిగిలిన డబ్బు ఉంది. 35,000 దాటకుండా కొందామని ఆ రాత్రే అనుకున్నాం.

మర్నాడు వాడు ఒక కాగితం తెచ్చాడు. మొదటి వరసలో గ్రాఫిక్స్ కార్డు, కింద రెండు గీతలు. తర్వాత ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యామ్, రంగుల దీపాల ఫ్యాన్లు. అట్టడుగున "ఎస్ఎంపీఎస్ - ఏదో ఒకటి" అని రాశాడు. గోడ కరెంటును మార్చి లోపలి భాగాలకు అందించే పెట్టె అది. దాని ముందు సున్నా కూడా వేయలేదు, ధర రాయలేదు.

ఆ "ఏదో ఒకటి" చూడగానే మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

నాలుగేళ్ల కిందట, ఇంకో ఊళ్లో, మేము మొదటిసారి కంప్యూటరు కట్టించాం. క్యాబినెట్టుతో పాటు ఎస్ఎంపీఎస్ ఉచితం అన్నాడు దుకాణదారు. మంచిది వేయించుకుంటే పదిహేను వందలు ఎక్కువయ్యేది. మిగిలాయని సంతోషించాం. ఒక సాయంత్రం కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయి వచ్చింది. టప్‌మని చప్పుడు, కాలిన వాసన. ఆ పెట్టె తానొక్కటే పోలేదు. మదర్‌బోర్డునూ, హార్డ్‌డిస్కునూ వెంట తీసుకుపోయింది. ఆ డిస్కులో ఆరేళ్ల ఫొటోలు ఉన్నాయి. మావాడి మొదటి అడుగులు, జైసల్మేర్‌లో ఒంటె మీద వాణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మమ్మ. ఆమె ఇప్పుడు లేదు. ఇంకో చోట నకలు పెట్టుకోకపోవడం మా తప్పే, ఎవరినీ అనడానికి లేదు.

కాలిన ఆ ఎస్ఎంపీఎస్‌ను మాత్రం పారేయలేదు. ఎందుకో మాకే తెలియదు, రెండు బదిలీల్లోనూ మాతోనే వచ్చింది. అటక మీది నుంచి దాన్ని దించి మావాడి ముందు పెట్టాం. పక్కన పెద్ద అక్షరాలతో 450 అని ఉంది. కింద చిన్న అక్షరాల పట్టికలో 12 వోల్టుల లైను ఎదురుగా 16 ఆంపియర్లు అని ఉంది. పదో తరగతి వాళ్లకు ఇది పాఠమే: వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. ఏడో తరగతి వాడికైనా గుణకారం వస్తుంది కదా, చేయమన్నాం. 192 వచ్చింది. మళ్లీ చేశాడు. మళ్లీ అంతే.

"మరి 450 అని ఎందుకు రాశారమ్మా?"

ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ ప్రధానంగా తాగేది 12 వోల్టుల కరెంటే. పెట్టె మీది పెద్ద అంకెను చూసి కొంటాం గానీ యంత్రం నడిచేది ఆ చిన్న అంకె మీద.

ఆ తర్వాత వారం రోజులు మా భోజనాల బల్ల మీద లెక్కలే లెక్కలు. మావాడు కోరిన కార్డు రేడియాన్ ఆర్ఎక్స్ 6600. అది 132 వాట్లు తీసుకుంటుంది. ప్రాసెసరు గట్టిగా పనిచేస్తే ఇంచుమించు 90, మిగతావన్నీ కలిపి ఒక 50 అనుకున్నాం. మొత్తం ఇంచుమించు 270. అయితే 300 వాట్లది చాలు కదా అన్నాడు. చాలదు. కార్డు ఒక్కొక్క క్షణం తన లెక్క కంటే చాలా ఎక్కువ లాగుతుంది. కార్డు తయారీదారులే దానికి 450 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలంటారు. ఎప్పుడూ నిండు బరువు మోసే పెట్టె వేడెక్కి త్వరగా అరుగుతుంది కూడా. 550 దగ్గర ఆగాం.

చిక్కంతా డబ్బుతోనే. అప్పట్లో కార్డు ఒక్కటే ఇరవై వేలు దాటేది. కార్డూ, మంచి ఎస్ఎంపీఎస్సూ రెండూ 35,000లో ఇమడవు. మావాడి దారి సులువు: కార్డు కొని, ఎస్ఎంపీఎస్ చవకది వేసి, తర్వాత మారుద్దాం అన్నాడు. మేము దాన్ని తిరగేశాం. ఎస్ఎంపీఎస్ ఇప్పుడే మంచిది కొని, కార్డు తర్వాత కొందాం అన్నాం. వాడికి కోపం వచ్చింది. రెండు రోజులు మాటల్లేవు.

దారి చూపింది రైజెన్ 5 5600జీ అనే ప్రాసెసరు. దాని లోపలే ఒక చిన్న గ్రాఫిక్స్ భాగం ఉంటుంది. పెద్ద ఆటలను అది పూర్తి హంగులతో ఆడించలేదు, కానీ మైన్‌క్రాఫ్ట్‌కు నిశ్చింతగా సరిపోతుంది. దానికి సొంత మెమరీ ఉండదు కాబట్టి ర్యామ్ నుంచే అప్పు తీసుకుంటుంది. అందుకే 16 జీబీ ఒక్క కడ్డీగా కాక, 8 జీబీ కడ్డీలు రెండు వేయాలి. అప్పుడు రెండు దారుల్లో ఒకేసారి చదువుకుంటుంది, ఆట చురుగ్గా కదులుతుంది. ఈ సంగతి మావాడే కనిపెట్టి మాకు చెప్పాడు. మాటలు కలిశాయి.

సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్తూ సికింద్రాబాదులో దిగి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాం. ఆ అంతస్తుల్లో తిరుగుతుంటే ప్రతి దుకాణం ముందూ ఎవరో ఒకరు "ఏం కావాలె సార్, ఏం కావాలె మేడం" అని పిలుస్తూనే ఉంటారు. ఒక కుర్రాడు మా కాగితం చూసి, ఎస్ఎంపీఎస్ దగ్గర వేలు పెట్టాడు. "దీనికి నాలుగు వేలెందుకు మేడం? లోపల ఉంటది, ఎవరు చూస్తరు? ఆ పైసలతోని ఫ్యాన్లు వేసుకోండ్రి." మేము నోరు తెరిచేలోపే మావాడు అడిగాడు: "అన్నా, అది 12 వోల్టుల మీద ఎన్ని ఆంపియర్లు?" ఆ కుర్రాడు నవ్వి, లోపలికెళ్లి వేరే పెట్టె తెచ్చాడు. పట్టికలో 45 ఆంపియర్లు. అంటే 540 వాట్లు. నమ్మొచ్చు.

దాని మీద 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర కూడా ఉంది. ఆ ముద్రను చూసి చాలామంది మోసపోతారు. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత భాగం పనికొస్తుంది, ఎంత వేడిగా పోతుంది అన్నదానికే అది కొలత. మామూలు 80 ప్లస్ అంటే 20, 50, 100 శాతం బరువుల దగ్గర కనీసం 80 శాతం పనికి వస్తుందని. బ్రాంజ్ అంతకు ఒక మెట్టు పైన. లోపలి భాగాలు ఎంతకాలం మన్నుతాయో ఆ ముద్ర చెప్పదు. మేము వెతికింది ఇంకో చిన్న గీత: లోపలికి తీసుకునే వోల్టేజి 100 నుంచి 240. కొన్నింటి మీద 200 నుంచి 240 అనే ఉంటుంది. ఒకే ఊళ్లో స్థిరంగా ఉండేవాళ్లకు అదేమంత పట్టింపు కాకపోవచ్చు. వచ్చే బదిలీలో ఏ ఊరి కరెంటు రాసిపెట్టి ఉందో తెలియని మాబోటి వాళ్లకు పట్టింపే. అయిదేళ్ల వారంటీ కాగితాన్ని పుట్టినరోజు పత్రాల ఫైల్లోనే పెట్టాం.

గాజు పలక ఉన్న క్యాబినెట్టు వద్దన్నాం. లారీ సంగతి చెప్పాం కదా. ఇనుప పలకదే తీసుకున్నాం. మొత్తం 33,500 అయింది.

తిరుగు రైల్లో మదర్‌బోర్డు పై బెర్తు మీద, మావాడి తల పక్కన ప్రయాణం చేసింది. ఇంటికొచ్చి ముగ్గురం కలిసి బిగించుకున్నాం. వెలిగింది. కానీ క్యాబినెట్టు ముట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయి. గోడకు మూడు రంధ్రాల సాకెట్టు ఉంది గానీ, మూడో రంధ్రం వెనక ఎర్త్ తీగే లేదు! ఎలక్ట్రీషియన్‌ను పిలిచి తీగ వేయించేదాకా రెండు రోజులు కంప్యూటరు ముట్టుకోనివ్వలేదు. ఆ రెండు రోజులూ మావాడు దాని ఎదురుగానే కూర్చుని అన్నం తిన్నాడు. మరుసటి నెల జీతంతో 600 వీఏ యూపీఎస్ కొన్నాం. 600 అంటే వాట్లు కాదు, మాది మోసేది 360 వాట్లే. ఆ లెక్క కూడా వాడే చూశాడు. మిగిలిన ఫొటోలు ఇప్పుడు రెండు చోట్ల ఉన్నాయి, ఒక నకలు అమ్మమ్మగారి ఊళ్లో.

కార్డు ఇంకా కొనలేదు. దాని కోసం వచ్చిన 8 పిన్నుల తీగను చుట్టి, క్యాబినెట్టు అడుగున కట్టి ఉంచాం. అప్పుడప్పుడు పలక తీసి దుమ్ము దులిపేటప్పుడు మావాడు దాన్ని వేలితో తాకి చూస్తాడు.

మొన్న శనివారం రాత్రి కాలనీలో కూలర్లన్నీ ఒక్కసారి తిరిగాయేమో, ఫ్రిజ్ స్టెబిలైజరు మీద ముల్లు 170కి పడిపోయింది. ఫ్యాను నెమ్మదించింది, ట్యూబులైటు రెపరెపలాడింది. మేమిద్దరం పరుగున గదిలోకి వెళ్లాం. కంప్యూటరు నడుస్తూనే ఉంది. మావాడు మాత్రం ఆట ఆపి, చెవుల మీది హెడ్‌ఫోన్ కిందికి దించుకుని కూర్చున్నాడు.

ఏమైందిరా అంటే, "పోర్ట్ బ్లెయిర్‌లో కరెంటు పోయిందట" అన్నాడు.

తెర మీద మా పాత క్వార్టరు మెట్ల దగ్గర, నిమ్మచెట్టు పక్కన, ఇద్దరు నిలబడి ఉన్నారు. మూడోవాడు వచ్చేదాకా ఏమీ కట్టకూడదని వాళ్లలో వాళ్లు ఒక నియమం పెట్టుకున్నారట.